మొక్కతో పాటు కత్తెర పట్టడం నేర్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యాన శాఖల కమిషనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గార్లకు,



మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. రాష్ట్రాలు రెండైనా పెరళ్లు ఒకటే. ఖమ్మంలో మేం నాటుకునే మామిడి అంటు గోదావరి దాపున ఉన్న కడియం నుంచి లారీలో వస్తుంది. ఏలూరులో మా చెల్లెలి పెరట్లో కాసే సీతాఫలం బాలానగర్ రకం, పాలమూరు నేల మీద పేరు తెచ్చుకున్నది. 150 గజాల స్థలం, ఇల్లు పోగా మిగిలిన నాలుగు మూలలు, ఆ మూలల్లో ఒక పండ్ల చెట్టు కాయించుకోవాలన్న కోరిక. అక్కడైనా ఇక్కడైనా అంతే.

ఏటా తొలకరికి ప్రభుత్వాలు మొక్కలు పంచుతూనే ఉన్నాయి. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. మరుసటేడు ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం వచ్చింది. రోడ్ల పక్కన నాటినవాటి సంగతి అలా ఉంచండి, ఇళ్లకు కూడా జామ, నిమ్మ, దానిమ్మ, ఉసిరి మొక్కలు అందాయి. తీసుకున్నవాళ్లు ఇష్టంగానే నాటుకున్నారు. ఎండిపోయినవి పోగా, బతికినవి బాగానే పెరిగాయి. నా బాధంతా ఆ బతికిన చెట్ల గురించే. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచి, తీరా కాపు అందుకునే వేళకు మొదలంటా కొట్టించేసిన చెట్లు మా వీధిలోనే ఉన్నాయి. మొక్కలు ఎన్ని పంచారో మీ దగ్గర లెక్క ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎన్ని చెట్లు కాస్తున్నాయో ఎవరూ లెక్కపెట్టరు.

ఎందుకు కొట్టించారని అడిగితే ఇంటింటా దాదాపు అదే జవాబు వస్తుంది. మామిడి మేడ దాటి కరెంటు తీగల్లోకి పోయింది. కొమ్మలు పక్కింటి డాబా మీదికి వాలి ఆకులు రాలుస్తుంటే మాటా మాటా పెరిగింది. కాయలు చిటారు కొమ్మన పండి, చేతికి అందక, కింద పడి చితికి ఈగలు ముసురుతున్నాయి. కోతులు దిగుతున్నాయి. ఇందులో ఒక్కటీ కల్పించిన సాకు కాదు. అయితే కోతుల మాట పక్కన పెడితే మిగిలినవన్నీ ఒకే చోట మొదలవుతున్నాయి. చెట్టు చెయ్యి దాటి పోయింది. దాన్ని ఎనిమిది, పది అడుగుల లోపే ఉంచి కడుపునిండా కాయించవచ్చునని ఆ ఇళ్లవాళ్లకు ఎవరూ చెప్పలేదు. మొక్క చేతిలో పెట్టినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

చెప్పడానికి విద్య లేక కాదు. లక్నోలోని కేంద్ర ఉపోష్ణ ఉద్యాన పరిశోధనా సంస్థ జామను 2 మీటర్ల వరసల్లో మీటరుకు ఒకటి చొప్పున నాటి, హెక్టారుకు 5,000 చెట్లు కాయించే పద్ధతిని తయారు చేసి చాలా కాలమైంది. దశేరీని నీలంతో సంకరపరిచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన ఆమ్రపాలి మామిడిని రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున హెక్టారుకు 1,600 దాకా పెట్టవచ్చు. మన సంగారెడ్డి పండ్ల పరిశోధనా స్థానంలోనే రుమానికి నీలం కలిపి మంజీర అనే పొట్టి మామిడిని తెచ్చారు. ఈ లెక్కల్ని పెరటికి దించి చూడండి. జామకు రెండున్నర గజాల లోపు నేల చాలు. ఆమ్రపాలికి ఏడున్నర గజాలు. మా ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న సందులోనే జామలు ఒక వరసగా నిలబడే చోటుంది. ఈ విద్య డ్రిప్పు వేసుకోగల తోట రైతు దాకా వెళ్లింది, సంతోషం. బియ్యం కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోసే ఇల్లాలి దాకా మాత్రం రాలేదు. ఆమెను కూడా మీ శాఖ లెక్కలోకి తీసుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

కత్తిరింపు అంటే మన ఇళ్లల్లో రెండు భయాలున్నాయి. పచ్చని చెట్టును కోస్తే చచ్చిపోతుందని ఒకటి, కాపు పోతుందని ఇంకొకటి. రెండో భయంలో కొంత నిజం ఉంది. వేళ తప్పి కోస్తే కాపు పోతుంది. ఏ చెట్టు ఏ కొమ్మ మీద పూస్తుందో తెలిస్తే కత్తెర ఎప్పుడు పట్టాలో దానంతటదే తెలిసిపోతుంది. ఈ ఒక్క పాఠం ఇంటింటికీ చేరితే సగం చెట్లు నిలుస్తాయని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీకు తెలియదని కాదు, ఈ ఉత్తరం చదివే పెరటివాళ్లకు పనికొస్తుందని.

జామతో మొదలుపెడతాను. జామ కొత్త చిగురు మీద పూస్తుంది. కోసినకొద్దీ చిగురు వేస్తుంది, చిగురు వేసినకొద్దీ పూస్తుంది. చిన్న పెరటికి ఇంతకంటే అనువైన చెట్టు మన నేలలో లేదని నేను ధైర్యంగా చెప్పగలను. దానికి ముఖ్యంగా రెండు కాపులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పూసింది వానల్లో పండుతుంది. ఆ కాయ నీరు నీరుగా, చప్పగా ఉంటుంది, పండు ఈగ పట్టి కోసిచూస్తే లోపల తెల్లటి పురుగులు కదులుతుంటాయి. పెరటి జామ అంటే పురుగుల జామ అన్న చెడ్డపేరు ఈ కాపు వల్ల వచ్చిందే. తొలకరికి పూసి చలికాలంలో పండేది అలా కాదు. కండ గట్టిగా, తియ్యగా ఉంటుంది, పురుగు తక్కువ. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో కొమ్మల కొసలను సగం దాకా కత్తిరించేస్తే వానకాలపు కాపు పోతుంది. చెట్టు బలమంతా చలికాలపు కాపు కోసం నిలబడుతుంది. ఒక్క పనితో ఎత్తు తగ్గింది, పురుగు తప్పింది, తీపి పెరిగింది. లక్నో 49 అయినా, అలహాబాద్ సఫేదా అయినా, ఎర్ర కండ ఉన్న లలిత్ అయినా ఇదే తీరు. ఇన్ని లాభాలున్న పని గురించి మొక్కతో పాటు ఒక కరపత్రమైనా మా చేతికి రావాల్సింది.

మామిడి నడత వేరు. ఈ ఏడు వేసిన చిగురు ముదిరి, కొన్ని నెలలు ఊరుకుని, చలి తగిలాక దాని కొసన పూత వేస్తుంది. అంటే డిసెంబరులో పూయాల్సిన కొమ్మ వానాకాలంలోనే పుట్టి ఉండాలి. అందుకని కాయలు దించిన వెంటనే, జూన్‌లోనో జూలై మొదట్లోనో కోయాలి. అప్పుడు వచ్చే చిగురుకు ముదరడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది. కాయలు కాసిన కొసలను జానెడు వెనక్కి కోసి, చెట్టు నడుమ నిటారుగా లేచిన కొమ్మ ఒకటి తీసేసి లోపలికి వెలుతురు పడేలా చేస్తే చాలు. లావు కొమ్మ కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. మా పట్టణాల్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. దసరాకు ఇల్లు సర్దుతూ, సంక్రాంతికి ముగ్గు వాకిట్లో ఎండ పడాలని, నవంబరు, డిసెంబరుల్లో కొమ్మలు కొట్టిస్తారు. రాబోయే పూత ఆ కొమ్మలతోనే చెత్తబండిలోకి పోతుంది. తర్వాత వేసవిలో కాయ లేకపోతే, మా చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందని సరిపెట్టుకుంటారు. కొన్ని రకాలకు ఆ గుణం పుట్టుకతోనే ఉన్నమాట నిజమే. అయినా చాలా పెరళ్లలో అది వేళ కాని వేళ పడిన కత్తి చేసిన పని.

అన్నిటికన్నా కష్టమైన కోత మొదటిది. నాటిన మామిడి మొక్క నిటారుగా, ఏపుగా ఎదుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే, నేల నుంచి రెండడుగుల పైన, దాని తల తుంచాలి. అక్కడి నుంచి నాలుగు దిక్కులకు నాలుగు కొమ్మలు వెడల్పుగా చీలితేనే ఆ చెట్టు జీవితాంతం పొట్టిగా, గుబురుగా, చేతికి అందేలా ఉంటుంది. తుంచకపోతే మొదలు ఆరేడు అడుగులు నునుపుగా లేచి, కొమ్మలన్నీ మేడ మీది వాళ్లకే కనిపించే ఎత్తులో మొదలవుతాయి. ఆ తర్వాత ఎన్ని కత్తిరింపులు చేసినా చెట్టు కిందికి రాదు. అంటు మామిడి ఒక్కోసారి నాటిన మరుసటేడే పూత వేస్తుంది. మొదటి రెండు, మూడేళ్లు ఆ పూతనూ తుంచేయాలి, లేకపోతే లేత మొక్క కాయ బరువుకు కుంగి ఎదగడం మానేస్తుంది. ఈ మాటలు కాగితం మీద చదివి ఎవరూ ధైర్యం చేయరు. ఎవరో ఒకరు ఎదుట నిలబడి, కత్తెర చేతిలో పెట్టి, ఇదిగో ఇక్కడ, అని చూపించాలి. అమ్మలు కూతుళ్లకు జడ వేయడం నేర్పినట్టు, చూసి నేర్చుకోవాల్సిన పని ఇది.

సీతాఫలానికి చలికాలం చివర్లో ఆకు రాలిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో బోడిగా ఉన్నప్పుడే పాత కొమ్మలు కుదించి కోయాలి. ఎండలు ముదిరేసరికి వచ్చే కొత్త చిగురుతో పాటే పూత వస్తుంది. పూలు విరివిగా పూసినా కాయ నిలవడం లేదని చాలామంది బాధపడుతుంటారు. సీతాఫలం పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. రెండూ ఒకే సమయానికి కుదరవు. ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు మోసే చిన్న పెంకు పురుగులు పట్టణాల్లో తగ్గిపోయిన చోట కాయ కట్టదు. బాగా విచ్చుకున్న పువ్వు నుంచి పుప్పొడిని మెత్తటి కుంచెతో తీసి, అప్పుడే రేకలు విడుస్తున్న పువ్వు లోపల పొద్దున్నే అద్దితే కాయ కడుతుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి జీవశాస్త్ర పాఠం ఏ బడిలోనూ దొరకదు.

నిమ్మకు కత్తెర తక్కువ. ఎండుపుల్లలు, మొదట్లో నుంచి లేచే నీటి కొమ్మలు తీసేస్తే సరిపోతుంది. దానికి గజ్జి తెగులే పెద్ద శత్రువు. ఆకు మీద పాముపొడ చేసే పురుగు గాట్లు పెడితే ఆ గాట్లలో నుంచి గజ్జి మరింత దూరుతుంది. మన పరిశోధకులు ఎంపిక చేసిన బాలాజీ నిమ్మ ఈ తెగులును బాగా తట్టుకుంటుంది. ఇంటికి పంచే నిమ్మ అదైతే సగం మందు కొట్టే పని తప్పుతుంది. లేత ఆకులు తినే పచ్చ పురుగులను చూసి మందు డబ్బా అందుకునేవాళ్లకు అవి సీతాకోకచిలుక పిల్లలని చెప్పాలి. చెట్టుకు నాలుగుంటే చేత్తో ఏరేయవచ్చు, ఒకటి రెండు వదిలేసినా చెట్టుకేమీ కాదు. బొప్పాయి, అరటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదట్లో నీళ్లు నిలవకపోతే బొప్పాయి ఏడాదిలోపే కాస్తుంది. అరటికి గెల వేసిన చెట్టు పక్కన ఒక్క పిలకనే ఉంచి మిగిలినవి తవ్వేస్తే, వంటింటి నీళ్లు పారే మూలలో ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది.

ఇక మొక్క గురించి. మా పక్కింటివాళ్లు బంగినపల్లి అంటు అని చెప్తే కొన్నారు. ఏళ్లు గడిచాక పుల్లటి పీచు కాయ కాసింది. అది అంటు కాదు, టెంక మొక్క. దాన్ని అమ్మిన నర్సరీ పేరు ఇప్పుడు అనవసరం. తోట రైతుకైతే ఆరు నెలల్లో అనుమానం వచ్చేది, అంటు అతుకు ఎక్కడుందో చూసుకునేవాడు. ఇంటి కోసం ఒక్క మొక్క కొనేవాళ్లకు చూడాలని కూడా తెలియదు. మోసం బయటపడేసరికి చెట్టు మేడంత అయి ఉంటుంది. నిజమైన అంటు కొన్నవాళ్లకు కూడా చెప్పాల్సినవి ఉన్నాయి. సపోటాను పాల మొక్క మీద అంటు కడతారు. అతుకు కింది నుంచి పాల చిగుళ్లు లేస్తే, చెట్టు బాగా గుబురవుతోందని ఇంటివాళ్లు మురిసిపోతారు. రెండేళ్లలో పాల కొమ్మలు పైకెక్కి సపోటాను చంపేస్తాయి. అతుకు కింద లేచిన ప్రతి చిగురూ గోటితో గిల్లేయాలన్న ఒక్క వాక్యం ఆ చెట్టును కాపాడుతుంది. నాటేటప్పుడు అతుకు మట్టిలోకి పోకుండా పైకి ఉండాలన్నది ఇంకో వాక్యం.

నర్సరీలు నమోదు చేసుకోవాలన్న చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే వచ్చింది. ఆ అధికారం మీ చేతుల్లోనే ఉంది. దాన్ని మిరప నారు, తోటల మొక్కల దగ్గరే ఆపకుండా రోడ్డు పక్క బండి మీద అమ్మే పెరటి మొక్కల దాకా తీసుకురండి. ప్రతి పండ్ల మొక్కకు వాన నీళ్లకు చెరగని ఒక చీటీ కట్టించండి. రకం పేరు, అంటా విత్తనపు మొక్కా, ఏ వేరు మీద కట్టారు, కత్తిరించకపోతే ఎంత ఎత్తు పోతుంది, ఏ నెలలో కత్తిరించాలి. ఇంతే. చీటీలో రాసింది తప్పని తేలితే అడగడానికి కొన్నవాళ్లకు ఒక ఆధారం ఉంటుంది. కడియంలో తరతరాలుగా అంటు కట్టే చేతులున్నాయి. వాళ్ల పనితనానికి విలువ పెంచేది కూడా ఆ చీటీయే.

ఇళ్లకు ఇవ్వకూడని మొక్కలూ ఉన్నాయి. పనస, నేరేడు గొప్ప చెట్లు. బడి ఆవరణలో, చెరువు గట్టున, గుడి తోటలో ఎంత పెద్దవైతే అంత మంచిది. 100 గజాల ఇంటికి వాటిని పంచితే చెట్టుకూ ఇంటికీ రెంటికీ అన్యాయం. కోనోకార్పస్‌ను ఊరూరా నాటి, తర్వాత వద్దనుకుని తీసేయాల్సి వచ్చిన అనుభవం మన రెండు రాష్ట్రాలకూ ఉంది. ఏ మొక్క ఎక్కడ అని ముందే ఆలోచిస్తే ఆ ఖర్చు మిగిలేది. పెరటికి జామ, నిమ్మ, సీతాఫలం, పొట్టి మామిడి, అరటి, బొప్పాయి, వీటితో జాబితా పూర్తయినట్టే. దానిమ్మ చూడటానికి అందంగా ఉంటుంది కానీ కాయ తొలిచే పురుగును, మచ్చ తెగులును ఇంట్లో పిల్లలు తిరిగే చోట మందులతో ఆపడం నాకు ఇష్టం లేదు. కాయకు కాగితపు సంచి కట్టే ఓపిక ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చు.

చోటు గురించి ఒక మాట మీ ద్వారా పురపాలక శాఖకు చేరాలి. ఇంటి చుట్టూ ఇంత ఖాళీ వదలాలని నిబంధన ఉంది. వదిలిన ఖాళీని గృహప్రవేశానికి ముందే సిమెంటుతో, పార్కింగ్ టైల్స్‌తో కప్పేస్తున్నాం. పండ్ల చెట్టుకు రోజుకు ఆరు గంటల ఎండ, వేరు దిగడానికి మూడడుగుల మంచి మట్టి కావాలి. తూర్పున, దక్షిణాన ఎండ పడే ఒక మూలను సిమెంటు వేయకుండా వదిలితే చాలు, వాన నీరు కూడా అక్కడే ఇంకుతుంది. చాలామంది వేళ్లు పునాది పగలగొడతాయని భయపడి సిమెంటు వేయిస్తున్నారు. భయపడాల్సింది గోడ పగులులో మొలిచే రావి, మర్రి వేళ్లకు. ఎత్తు పెరగనివ్వని జామకూ, నిమ్మకూ ఆ భయం అక్కర్లేదు. ఇంటి నక్షాకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పగలిగితే ఎంత బాగుంటుంది. నేల బొత్తిగా లేనివాళ్లకు డాబా ఉంది. తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారి లాంటివాళ్ల కృషి వల్ల మిద్దెతోట అన్నమాట ఇవాళ ఇంటింటికీ తెలుసు. సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ములో నిమ్మ, జామ చక్కగా కాస్తాయి, దూలాల మీదికి వచ్చేలా పెట్టుకుంటే కప్పుకూ దిగులుండదు.

కోతుల గురించి మాట్లాడకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. తెలంగాణ పట్టణాల్లో ఎన్నో పండ్ల చెట్లు కోతుల వల్లే పోయాయి. దీనికి నా దగ్గర మందు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ముప్పై అడుగుల మామిడికి ఎవరూ వల కట్టలేరు, ఎనిమిదడుగుల జామకు కట్టగలరు. చెట్టు చిన్నగా ఉంటేనే దాన్ని కాపాడుకోవడం గురించి ఆలోచించే వీలైనా ఉంటుంది. వల కొనుక్కోవడానికి తోటలకు ఇచ్చే సాయంలో పిసరంత పెరళ్లకూ ఇప్పించండి.

ఇప్పుడు అసలు కోరికకు వస్తాను. కత్తెర పట్టడం ఎవరు నేర్పాలి? మీ శాఖలో ఉన్న అధికారులు తోటలకే చాలడం లేదని నాకు తెలుసు. కానీ ప్రతి పట్టణంలో చెట్లు కొట్టి బతికేవాళ్లు ఉన్నారు. కత్తి, తాడు తీసుకుని వీధిలో కేకేసుకుంటూ వస్తారు. ఎంత కొడితే అంత కూలి కాబట్టి, చెయ్యి అందిన చోటల్లా కొడతారు. వాళ్లను పిలిచి కొన్ని రోజులు నేర్పండి. ఏ చెట్టు ఏ నెలలో, ఎక్కడ, ఎంత. మంచి రంపం, కత్తెర ఇచ్చి, ఒక గుర్తింపు కార్డు ఇవ్వండి. కొట్టించడానికి పిలిచే ఇల్లే కత్తిరించడానికి పిలుస్తుంది, అదీ ఏటా పిలుస్తుంది. వాళ్లకు బతుకుతెరువు పెరుగుతుంది, చెట్టు నిలుస్తుంది. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న మహిళా సంఘాల్లో ఆసక్తి ఉన్నవాళ్లకూ ఇదే విద్య ఇవ్వవచ్చు. తీగల కింద కొమ్మలు కొట్టే విద్యుత్ సిబ్బందికి ఒక పూట చెప్పినా ఎన్నో మామిళ్లు నెత్తి లేని మోడులు కాకుండా మిగులుతాయి.

వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి, ములుగులో 2014 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. చివరి ఏడాది విద్యార్థులు పల్లెలకు వెళ్లి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. వాళ్లలో కొందరిని నెల రోజులు పట్టణాల వార్డులకు పంపండి. మే నెలలో జామకు, జూన్ చివర్లో మామిడికి, జనవరిలో సీతాఫలానికి, ఏడాదికి మూడంటే మూడు ఆదివారాలు, మున్సిపల్ పార్కులో ఉన్న చెట్ల మీదే కోసి చూపించమనండి. రెండు రాష్ట్రాల్లోనూ పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయాలు ఉన్నాయి, చాటింపుకు అవి చాలు. భవనాలు కట్టక్కర్లేదు, కొత్త పథకానికి పేరు పెట్టక్కర్లేదు.

ఇది కేవలం ఇష్టాయిష్టాల సంగతి కాదు. మనిషి రోజుకు 100 గ్రాముల పండ్లు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంట్లో అంత పండు రోజూ కొనగలిగే సంసారాలు మా వీధిలో ఎన్నో లేవు. నారింజ కన్నా ఎన్నో రెట్లు సి విటమిన్ ఉన్న జామ, ప్రహరీ పక్కన రెండున్నర గజాల్లో కాస్తుంది. కార్బైడ్‌తో మగ్గపెట్టడం నేరమని చట్టం చెబుతున్నా బజారు మామిడిని నమ్మలేక పిల్లలకు పెట్టడం మానేసిన తల్లులున్నారు. వాళ్ల పెరటి చెట్టు కాయ గడ్డిలో వేసి మాగిస్తే ఆ దిగులే ఉండదు.

పెరళ్లు ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. మీ ఇంట్లో మామిడి ఈ వేసవికి కాయ దించగానే, జూన్ దాటకముందే ఒక కత్తెర కొనుక్కుని రండి. పెద్ద చెట్టయితే ఒకేసారి మోడు చేయకండి. ఏడాదికి ఒక పెద్ద కొమ్మ చొప్పున రెండు, మూడేళ్లలో కిందికి దించండి. కొట్టేయాలని ఇప్పటికే నిర్ణయించుకున్నవాళ్లు ఆ పని ఒక్క ఏడాది వాయిదా వేసి, ఈ ప్రయత్నం చేసి చూడండి.

కమిషనర్ గార్లకు చివరిగా ఒక్కటే విన్నపం. వచ్చే తొలకరికి పంచబోయే మొక్కల్లో కొన్ని తగ్గినా ఫర్వాలేదు. ఆ డబ్బుతో రాష్ట్రానికి ఒక పట్టణంలోనైనా, ఖమ్మమో ఏలూరో మీకు నచ్చిన మరో ఊరో, చీటీ కట్టిన మొక్కా, కత్తిరింపు నేర్పే మనిషీ, రెండూ కలిపి ఇచ్చి చూడండి. ఐదేళ్ల తర్వాత ఆ ఊళ్లో ఎన్ని చెట్లు కాస్తున్నాయో లెక్కపెట్టించండి. ఆ లెక్కను మిగిలిన ఊళ్ల ముందు పెట్టండి.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక పెరటి రైతు